పరీక్షకొక రూపము, ప్రజలకొక రూపము

మాటకును చేతకును భేదముండరాదని పెద్దలు చెప్పుదురు. ఈ ధర్మము మనుష్యుని నడతను గూర్చి చెప్పబడినదే యైనను, మనుష్యుడు చేసిన వస్తువునకును ఇది వర్తించును. మచ్చు చూపి ధాన్యమమ్ము వర్తకుని తీసికొందము. మచ్చులోని గింజయు బస్తాలోని గింజయు ఒక్కటియే యైనప్పుడు మాత్రమే ఆతని మాట సత్యము. బుద్ధిపూర్వకముగా ఒకటి చూపి వేరొకటి అమ్మినచో అది మోసమని పసివాడును చెప్పగలడు. అయితే వర్తకుడు నిజాయితీపరుడే. మచ్చును బస్తా నుండియే తీసినాడు. ఆ రాత్రి గోదాములోనికి వాననీరు దిగి బస్తా తడిసినది. ఆతడు మరునాడు బస్తా విప్పి చూడకయే మచ్చును చూపి అమ్మినాడు. ఇప్పుడు దోషమున్నదా, లేదా? ఉన్నచో అది ఏ పేరు గల దోషము? అబద్ధమాడలేదు గదా యని విడిచిపెట్టవచ్చునా? ఈ ప్రశ్న నేటి కాలమున మిక్కిలి పెద్దదైనది. ఏలయనగా ఈనాడు లక్షలాది జనుల జీతము, చదువు, వైద్యము, పింఛను మచ్చు చూచి నమ్మిన యంత్రముల మీద ఆధారపడియున్నవి.

మందమర్రి బొగ్గుబావుల ఊరు. సింగరేణి పనిలో తాతతండ్రులు భూగర్భమున చెమటోడ్చిన ఇండ్లలో నేడు మనుమలు, మనుమరాండ్రు పెక్కుమంది హైదరాబాదు, బెంగుళూరు నగరములకు పోయి సాఫ్ట్‌వేర్ పనులు చేయుచున్నారు. తండ్రి చేసిన పని కంటికి కనబడునది. బిడ్డ చేయు పని కంటికి కనబడదు. అందుచేత ఆ పనిలోని ధర్మాధర్మములును ఇంటివారికి తెలియరాకున్నవి. "పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండును" అనుటతో మాట ముగియును. కాని ఆ పనిలోను బావిలోనివంటి జాగ్రత్తయు, బావిలోనివంటి బాధ్యతయు కలవు. అందొక్కదానిని విచారింతము.

సాఫ్ట్‌వేర్ తయారుచేయువారు దానిని నేరుగా ప్రజల యెదుట పెట్టరు. మొదట స్టేజింగ్ అను స్థలమున నడిపి చూతురు. నాటకమునకు పూర్వరంగమెట్టిదో దానికి స్టేజింగ్ అట్టిది. అచ్చట సరిగా నడచినదని తేలిన పిమ్మట ప్రొడక్షన్ అను అసలు స్థలమునకు పంపుదురు. ప్రజలు వాడునది ఈ రెండవదానినే. ఈ రెండు స్థలములలోను ప్రోగ్రాము ఒక్కటియే యైనను, దాని చుట్టునున్న అమరిక వేరుగా నుండవచ్చును. ఆ అమరికకే కాన్ఫిగరేషన్ అని పేరు. ఏ డేటాబేసుతో మాటలాడవలెను, ఏ తాళపుచెవి వాడవలెను, ఎంతసేపు ఎదురుచూడవలెను, ఒకేసారి ఎందరిని లోనికి రానీయవలెను, గడియారము ఏ దేశకాలమును పాటింపవలెను, ఏ క్రొత్త వసతి తెరచియుండవలెను, ఏది మూసియుండవలెను అను నిర్ణయములన్నియు అందుండును. వంట ఒక్కటియే, పొయ్యి, నీరు, గిన్నె వేరైనచో రుచియు వేరగును గదా.

చిన్న భేదమెట్టి కీడు తెచ్చునో రెండుదాహరణములచే తెలియవచ్చును. పరీక్షించిన చోట డేటాబేసు యూనికోడ్ అక్షరములను గ్రహించునట్లు అమర్చియుండును. అసలు చోట అట్లు అమర్చియుండదు. పరీక్షలో "బసవయ్య" అని చక్కగా కనబడిన పేరు ప్రజల యెదుట వరుసగా ప్రశ్నార్థక చిహ్నములుగా మారును. ప్రోగ్రాములో తప్పు లేదు, పరీక్షించినవాడు అబద్ధమాడలేదు, అయినను ఒక మనుష్యుని పేరు మాయమైనది. ఇక రెండవది. పరీక్షా స్థలపు గడియారము భారతీయ కాలమున నడచును. అసలు సర్వరు అంతర్జాతీయ ప్రామాణిక కాలమున నడచును. రెంటికిని 5 గంటల 30 నిమిషముల తేడా. అసలు చోట తేదీ మారునది మన అర్ధరాత్రి గాదు, తెల్లవారి 5 గంటల 30 నిమిషములకు. గడువు తేదీ దాటిన పిమ్మట, అర్ధరాత్రికిని తెల్లవారుజామునకును నడుమ వచ్చిన దరఖాస్తు గడువులోపల వచ్చినట్లే లెక్కకెక్కును; క్రొత్త మాసము మొదటి తేదీ వేకువన చెల్లించిన సొమ్ము పాత మాసపు పద్దులో చేరును. ఎవని తప్పిదము లేకయే న్యాయము తారుమారగును.

ఈ భేదములెట్లు పుట్టును? దుర్బుద్ధిచేత పుట్టునవి అరుదు. మంచి బుద్ధిచేత పుట్టునవే యెక్కువ. అర్ధరాత్రి అసలు సర్వరు ఆగిపోవును. పనివాడు నిద్రమాని లేచి, ఒక విలువను చేతితో మార్చి, దానిని నిలబెట్టును. మరునాడందరు ఆతనిని మెచ్చుకొందురు. మెచ్చదగినదే. కాని ఆతడు ఆ మార్పును వ్రాసియుంచడు. స్టేజింగులో ఆ మార్పును చేయడు. ఆ దినము మొదలు పరీక్షా స్థలము ప్రజాస్థలమునకు ప్రతిబింబము గాదు. ఇట్టి సత్కార్యములు పది చేరినచో, అద్దమునందొక ముఖము, మెడమీద నొక ముఖముగా నుండును. మేలు చేసినవాడు ఆ మేలును వ్రాయకుండుటచే రేపటివానికి గొయ్యి త్రవ్వినవాడగును. అందుచేత ఈ పనిలో వ్రాయుట అనునది గుమాస్తాతనము గాదు. సత్యవచనములో నొక భాగము.

ఈ అజాగ్రత్తకు లోకమెరిగిన దృష్టాంతమొకటి కలదు. అమెరికాలో నైట్ కాపిటల్ అను సంస్థ వాటాల క్రయవిక్రయములు జరిపెడిది. 2012 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో నొక క్రొత్త పద్ధతి ఆరంభమగుచుండగా, అందులకై తన సాఫ్ట్‌వేరును మార్చుకొన్నది. ఆ పని చేయు సర్వర్లు ఎనిమిది. క్రొత్త ప్రోగ్రామును ఏడింట పెట్టి ఎనిమిదవదానిని మరచిరి. ఆ ఎనిమిదవదానిలో 2003 నుండియే వాడుక మానిన పాత ప్రోగ్రామొకటి అట్లే పడియుండెను. పాతదానిని మేల్కొలుపు గుర్తునే క్రొత్త పనికి మరల వాడుకొనిరి. అంగడి తెరచినంతనే ఏడు సర్వర్లు క్రొత్త పని చేయగా, ఎనిమిదవది పాత పని మొదలుపెట్టెను. రమారమి 45 నిమిషములలో 212 ఆర్డర్లను తీర్చబోయి 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపినది. 154 కంపెనీల వాటాలు తారుమారైనవి. నష్టము 46 కోట్ల డాలర్లకు మించినది. ఆపద తెలియక, సరిగా నున్న ఏడు సర్వర్ల నుండి క్రొత్త ప్రోగ్రామును తీసివేయుటచే రోగము మరింత ముదిరెను. 2013 అక్టోబరులో అక్కడి నియంత్రణ సంస్థ 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా విధించినది.

ఈ వృత్తాంతమున ధర్మవిచారమునకు వలయునవి రెండంశములు కలవు. ఎనిమిది చోట్లను క్రొత్తది చేరినదా యని రెండవ మనుష్యుడు సరిచూడలేదు. సరిచూడవలెనన్న వ్రాతపూర్వక నియమమును లేదు. ఇది మొదటిది. ఆ ఉదయము అంగడి తెరువకముందే యంత్రము ఆ పాత ప్రోగ్రాము పేరుతో 97 ఈమెయిలు హెచ్చరికలు పంపినది. వానిని ఎవ్వరును పట్టించుకొనలేదు. ఇది రెండవది. అనగా సత్యము వాకిట నిలిచి తలుపు తట్టినది; తెరచువాడు లేడు. తెలియకపోవుట వేరు, తెలిసికొనకపోవుట వేరు. మొదటిది మానవ సహజము. రెండవది దోషము. తడిసిన బస్తాను విప్పి చూడని వర్తకుని దోషమును ఇట్టిదే. దానికి అబద్ధమని పేరు గాదు, ఉపేక్ష యని పేరు.

మందమర్రి పెద్దలకు ఈ విషయము క్రొత్తది గాదు. బొగ్గుబావిలో షిఫ్టు మొదలగుటకు ముందు సర్దారో, ఓవర్‌మానో పని జరుగు చోటికి స్వయముగా పోయి చూడవలెను. పైకప్పును కొట్టి ధ్వని వినవలెను. గట్టిదైన కప్పు ఖంగున మ్రోగును, విడిన కప్పు బోలుగా పలుకును. మీథేను వాయువు ఎంతయున్నదో కొలువవలెను; గాలి ఆడుచున్నదో లేదో చూడవలెను. చూచినదానిని పుస్తకమున వ్రాసి చేవ్రాలు చేయవలెను. ఆ పిమ్మటనే జనమును లోనికి పంపవలెను. ప్రక్క గ్యాలరీలో కప్పు బాగున్నదని ఈ గ్యాలరీలోనికి పంపువాడు లేడు. నిన్న బాగున్నదని నేడు పంపువాడును లేడు. పరీక్ష జరుగు చోటును పని జరుగు చోటును ఒక్కటియే యై యుండవలెనన్నది బావి నేర్పిన పాఠము. సాఫ్ట్‌వేరులో ఇది సులభము గాదు. పరీక్ష ఒకచోట, పని వేరొకచోట జరుగక తప్పదు. తప్పనప్పుడు ఆ రెండు చోట్లను సరిపోల్చి చూచుట కప్పును కొట్టి చూచుటతో సమానమగును.

గని పటమును గూర్చియు ఇదే మాట. 2002 జూలై 24 రాత్రి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వీక్రీక్ అను బొగ్గుగనిలో పనివారు బొగ్గు కోయుచుండగా, ప్రక్కనున్న పాత గనిలోని నీరు ఒక్కసారిగా లోనికి దూకెను. వారి యొద్దనున్న పటము ప్రకారము పాత గని ఇంకను దూరముననే యున్నది. నిజమునకు ఆ పటము గీచిన పిమ్మట పాత గనిలో మరికొంత మేర త్రవ్వబడినది. పటము మాత్రము మారలేదు. తొమ్మండుగురు మూడు దినములకు పైగా భూమిలో చిక్కుకొని, పైనుండి త్రవ్విన రంధ్రము ద్వారా ప్రాణములతో బయటపడిరి. పటము గీచినవాడు అబద్ధమాడలేదు. అది గీచిన దినమున నిజమే. అయితే నేల మారిన పిమ్మట మారని పటము, సత్యమునుండి అసత్యముగా మారినది. స్టేజింగ్ అనునది పటము. ప్రొడక్షన్ అనునది నేల. నేలలో నీరెంత భయంకరమో గోదావరి లోయలోని గని కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్.ఈ.పి. గనిలో నీరు చొచ్చి 17 మంది ప్రాణములు కోల్పోయిన దినమును వారు మరువలేదు.

ఇక యంత్రపు లెక్కల మీద బిడ్డల భవిష్యత్తు ఆధారపడిన సంగతి మన రాష్ట్రముననే చూచితిమి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడెను. ఆ యేడు ఫలితముల పని క్రొత్త సంస్థచే, క్రొత్త పద్ధతిని జరిగినది. పరీక్షకు హాజరైనవారు గైరుహాజరైనట్లును, బాగుగా చదువువారు తప్పినట్లును ఫిర్యాదులు వెల్లువెత్తినవి. మందమర్రి యున్న మంచిర్యాల జిల్లాలోనే జన్నారము విద్యార్థినికి తెలుగులో మొదట సున్న మార్కులు ప్రకటింపబడి, తిరిగి చూచినప్పుడు 99 అని తేలినది. ఇది యంత్రపు దోషము గాదు. మార్కుల పత్రము నింపిన చేతిది, దానిని సరిచూడవలసిన కంటిది. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఏ మరణమునకు ఏ అంకె కారణమని నిర్ణయించుట ఎవ్వరికిని శక్యము గాదు. అట్టి దుస్సాహసము చేయరాదు. అయితే ఫలితములపై నమ్మకము పోయినప్పుడు ఆ ఇండ్లలో ఎట్టి చీకటి క్రమ్మినదో ఊహింపవచ్చును. ప్రభుత్వము త్రిసభ్య సంఘమును నియమించినది; తప్పిన విద్యార్థులందరి పత్రములను రుసుము లేకుండ తిరిగి చూపించినది; ఈమారు వేరొక స్వతంత్ర సంస్థచేతను సమాంతరముగా లెక్క కట్టించి, రెండు లెక్కలను పోల్చి ప్రకటించినది. ఆ పోల్చి చూచుట ఫలితములకు పిమ్మట గాక ముందే జరిగియుండినచో ఎంత దుఃఖము తగ్గియుండెడిది!

ఇప్పుడు ఈ పని చేయువారు సాధారణముగా చెప్పు సమాధానములను పరిశీలింతము. "నా వంతు పరీక్ష నేను చేసితిని, అసలు చోట అమరిక చేయువాడు వేరొకడు" అనునది మొదటిది. పని పంచుకొనుట తప్పు గాదు. కాని పనిని పంచుకొన్నట్లు బాధ్యతను ముక్కలుచేసి పంచుకొనరాదు. పరీక్షించినవాడు "ఇది పనిచేయును" అని పలుకుచున్నాడు. ఆ మాటకు అర్థము "నా గదిలో పనిచేయును" అని గాదు, "ప్రజల యొద్ద పనిచేయును" అనియే వినువారు గ్రహింతురు. వినువాడు గ్రహించు అర్థమునకు పలుకువాడు బాధ్యుడు. తన మాటకు హద్దు కలదేని ఆ హద్దును ముందే చెప్పవలెను.

"రెండు స్థలములు ఒక్కటిగా నుండుట అసాధ్యము" అనునది రెండవ సమాధానము. ఇందు నిజము కలదు. అసలు చోట నిజమైన జనుల వివరములుండును. వానిని పరీక్షకై స్టేజింగులోనికి దింపుట యే వేరొక అన్యాయము, ఏలయనగా ఇంటి గుట్టును అంగడిలో పెట్టినట్లగును. తాళపుచెవులు వేరుగా నుండవలెను. చిరునామాలు వేరుగా నుండవలెను. సర్వర్ల సంఖ్య వేరుగా నుండవచ్చును. కావున ధర్మము కోరునది సంపూర్ణ సమానత్వము గాదు. తెలిసిన భేదము. ప్రతి భేదమును ఒక పట్టికలో వ్రాసి, "ఇది ఈ కారణముచే వేరు" అని చెప్పగలిగినచో దోషము లేదు. కారణము చెప్పలేని భేదము ఒక్కటి కనబడినను విడుదల ఆగవలెను. ఒక్క తండ్రి బిడ్డలిద్దరు ఒకే తీరుగా నుండనక్కరలేదు. ఎవ్వరేమి తినునో తల్లికి తెలిసియుండిన చాలును.

"వేళ లేదు, రేపే విడుదల" అనునది మూడవది. ఇది పనివాని మాట యైనను, దీని మూలము పనివానిలో లేదు. తొందరపెట్టువాడు, గడువు నిర్ణయించువాడు, ఆలస్యమునకు దండించి జాగ్రత్తకు మెచ్చనివాడు ఈ దోషమున భాగస్థులు. బావిలో కప్పు బాగులేదన్న సర్దారును మందలించు అధికారి యున్నచో, మరునాడు ఏ సర్దారును కప్పు బాగులేదని చెప్పడు. అట్లే విడుదలను ఆపిన యువకుని అవమానించు సంస్థలో, పిమ్మట ఎవ్వడును ఆపడు. నిజము చెప్పుటకు ధైర్యము కావలెననుట సరియే. కాని నిజము చెప్పుటకు ధైర్యము అక్కరలేని చోటును నిర్మించుట పెద్దల ధర్మము.

ఇక చేయవలసినదేమి? అది కష్టమైనది గాదు. అమరికలన్నియు మనుష్యుల జ్ఞాపకమున గాక ఒక్కచోట వ్రాతలో నుండవలెను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిరో అచ్చట తెలియవలెను. విడుదలకు ముందు రెండు స్థలముల పట్టికలను యంత్రముచేతనే పంక్తి పంక్తిగా పోల్చింపవలెను. ఏలయనగా అలసిన కన్ను తాను చూడగోరినదే చూచును. సర్వర్లు ఎనిమిదైనచో ఎనిమిదింటిని పోల్చవలెను. ఏడు చూచి ఎనిమిదవది అట్లేయుండునని తలపరాదు. తేలిన భేదములను రెండవ మనుష్యుడు చదివి చేవ్రాలు చేయవలెను. అర్ధరాత్రి చేసిన అత్యవసర మార్పు తెల్లవారినంతనే వ్రాతలోనికి ఎక్కవలెను. విడుదల జరిగిన పిమ్మటను, అసలు చోట నడచుచున్నది తాము పంపినదేనా యని మరల చూడవలెను. చెడినచో వెనుకకు తిరుగు త్రోవ ముందే సిద్ధముగా నుండవలెను. ఆ త్రోవను గూడ ఒకమారు నడచి చూచియుండవలెను.

వీరశైవ గృహములలో కాయకమను మాట నిత్యము వినబడును. చేయు పని శుద్ధమై యుండవలెనని బసవేశ్వరుని బోధ. శుద్ధి యనగా ఫలము న్యాయార్జితమగుట మాత్రమే గాదు. పని యెవ్వరి చేతికి చేరునో వారి చేతిలో అది తాను చెప్పుకొన్నట్లు నిలుచుట. కల్యాణమున భాండాగారమును చూచిన బసవేశ్వరుని మీద కొందరు నింద మోపగా, ధనాగారము తెరచి లెక్క చూపబడినదనియు, లెక్క సరిపోయినదనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కథలో గ్రహింపదగినది నింద తొలగుట మాత్రమే గాదు. లెక్క చూతుమన్నప్పుడు తెరచి చూపగలుగుట ముఖ్యము. సరిచూచుట అనగా అనుమానించుట యని కొందరు తలతురు. తమ పనిని ఇతరులు పోల్చి చూచినచో కోపగింతురు. శుద్ధమైన పనికి సరిచూచుట అవమానము గాదు, సాక్ష్యము.

కావున మందమర్రి ఇంట పెద్దలు, పండుగకు వచ్చిన బిడ్డను "జీతమెంత?" అని అడిగిన పిమ్మట ఇంకొక ప్రశ్నయు అడుగవలెను. "నీవు పరీక్షించినదియు, జనులకిచ్చినదియు ఒక్కటియేనా? భేదమున్నచో ఎందుకున్నదో నీకు తెలియునా?" ఆ ప్రశ్న అడుగుటకు కంప్యూటరు విద్య రానక్కరలేదు. కప్పును కొట్టి చూడకుండ ఒక్క మనిషినైనను లోనికి పంపని తాత పేరు తలచుకొన్న చాలును.